"ఈ గోలీలు మంచియేనా అన్నా?" - పిల్లల ఏడీహెచ్‌డీ మందుల వెనక తొంభై ఏళ్ళ కథ

(ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడుకున్న సంగతులనే ఇక్కడ ఇంకాస్త వివరంగా రాస్తున్నాం. వినడానికి తీరిక దొరకనివాళ్ళు డ్యూటీ బస్సులో చదువుకోవచ్చు.)



రెండు నెలల కింద మనకు ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. పంపింది కువైట్‌లో ఏసీ మెకానిక్‌గా పనిచేస్తున్న తమ్ముడు. నిజామాబాద్ జిల్లావాడు, పేరు చెప్పొద్దన్నాడు. ఇంటి దగ్గర భార్య, తల్లి, తొమ్మిదేళ్ళ కొడుకు ఉంటారు. పిల్లవాడు క్లాసులో ఒక్కచోట కూర్చోడు. ఏ పని మొదలుపెట్టినా సగంలో వదిలేస్తాడు. బండ్లు వస్తున్నాయా లేదా అని చూడకుండా రోడ్డు మీదికి ఉరుకుతాడు. టీచర్లు చెప్పి చెప్పి, చివరికి హైదరాబాద్‌లో చూపించమన్నారు. అక్కడి డాక్టరు రెండు మూడు సార్లు పిలిపించి చూసి, ఏడీహెచ్‌డీ అని చెప్పి మాత్రలు రాశారు.

ఆ మందు పేరు బంధువుల్లో ఎవరో ఫోన్‌లో వెతికి చూసి, "ఇది డ్రగ్స్ లెక్క" అన్నారు. అంతే, నాయనమ్మ ఆ మాత్రలు తీసుకుపోయి బియ్యం డబ్బా వెనక దాచిపెట్టింది. ఇటు భార్య ఫోన్‌లో ఏడుపు, అటు తల్లి కోపం. మధ్యలో ఈ తమ్ముడు. ఆయన అడిగింది ఒకటే మాట: "అన్నా, ఈ గోలీలు మంచియేనా? పిలగానికి ఏమన్నా అయితే నేనిక్కడ ఉండి ఏం చెయ్యాలె?"

మేం డాక్టర్లం కాదు. ఆ పిల్లవాడికి మందు వాడాలో వద్దో చెప్పే హక్కు మాకు లేదు. కానీ ఈ మందుల చరిత్ర చదివితే ఒక సంగతి అర్థమైంది. నాయనమ్మకు వచ్చిన భయాలన్నీ ఇంతకు ముందు ఎవరికో ఒకరికి వచ్చినవే. మత్తుకు అలవాటు పడతాడా, ఎదుగుదల ఆగిపోతుందా, కాలేయం పోతుందా, గుండె ఆగిపోతుందా... ఒక్కో భయం మీద ఒక్కో కాలంలో గొడవ జరిగింది, లెక్కలు తీశారు. కొన్ని భయాలు నిజమని తేలాయి, కొన్ని తేలలేదు. ఆ కథే ఈరోజు చెప్పుకుందాం.

తలనొప్పికి ఇచ్చిన మందు

అమెరికాలో రోడ్ ఐలండ్ అనే చిన్న రాష్ట్రం ఉంది. అక్కడ జార్జ్ బ్రాడ్లీ అనే ధనవంతుడికి ఒక్కతే కూతురు, ఎమ్మా. ఏడేళ్ళ వయసులో ఆ పాపకు మెదడువాపు వచ్చింది. ప్రాణం దక్కింది కానీ మెదడు దెబ్బతింది. కూతురిని ఎక్కడ చూపించినా బాగుపడలేదు. తమ కూతురిలాంటి పిల్లల కోసం ఒక ఆసుపత్రి కట్టాలని ఆ తల్లిదండ్రులు ఆస్తి రాసి పోయారు. అలా 1931లో ఈస్ట్ ప్రావిడెన్స్‌లో ఎమ్మా పెండిల్టన్ బ్రాడ్లీ హోమ్ మొదలైంది.

కొన్నేళ్ళకు ఆ కుటుంబంలోనే ఒక మనవడి వరస డాక్టరు, చార్లెస్ బ్రాడ్లీ, అక్కడ పెద్ద అయ్యాడు. ఆ రోజుల్లో స్కానింగులు లేవు. మెదడు బొమ్మ తీయాలంటే వెన్ను నుంచి నీరు తీసి, గాలి ఎక్కించి ఎక్స్‌రే తీసేవాళ్ళు. ఆ తర్వాత పిల్లలకు భరించలేని తలనొప్పి వచ్చేది. ఆ నీరు మళ్ళీ తొందరగా ఊరితే నొప్పి తగ్గుతుందేమో అనుకుని, బ్రాడ్లీ వాళ్ళకు బెంజెడ్రిన్ ఇచ్చాడు. అప్పటికి ముక్కుదిబ్బడకు పీల్చే మందుగా అమెరికాలో అమ్ముడుపోతున్న ఆంఫెటమిన్ అది.

తలనొప్పికి అది పెద్దగా పనిచేయలేదు. కానీ టీచర్లు వేరే సంగతి గమనించారు. కుదురుగా కూర్చోలేని పిల్లలు కూర్చుంటున్నారు, లెక్కలు చేస్తున్నారు. అప్పుడు బ్రాడ్లీ 30 మంది పిల్లలకు ఒక వారం పాటు ఆ మందు ఇచ్చి, ఇవ్వకముందు ఎలా ఉన్నారు, ఇచ్చినప్పుడు ఎలా ఉన్నారు అని రాయించాడు. 14 మంది చదువులో మార్పు కొట్టొచ్చినట్టు కనిపించింది. 1937లో అది పత్రికలో అచ్చయింది. పిల్లలైతే వాటికి "లెక్కల మాత్రలు" అని పేరు పెట్టుకున్నారు.

ఇక్కడ రెండు విషయాలు గుర్తుపెట్టుకోవాలి. ఒకటి, ఈ మందు దొరికింది ఒకదానికి వెతుకుతుంటే ఇంకొకటి తగిలినట్టు. రెండోది, ఆ పిల్లలు ఆసుపత్రిలోనే ఉండేవాళ్ళు. ఏం తింటున్నారో, ఎప్పుడు పడుకుంటున్నారో నర్సులు, టీచర్లు, డాక్టర్లు పగలూ రాత్రీ చూస్తూ ఉండేవాళ్ళు. ఇంట్లో ఉన్న పిల్లవాడి మీద అన్ని కళ్ళు ఉండవు. ఆ తేడా ముందు ముందు చాలా పెద్దదవుతుంది.

రీటా పేరు మీద వచ్చిన మాత్ర

1944లో స్విట్జర్లాండ్‌లో సీబా అనే కంపెనీలో పనిచేసే రసాయన శాస్త్రవేత్త లియాండ్రో పానిజోన్ ఇంకో మందు తయారుచేశాడు. ఆయన భార్య మార్గరీట్‌కు బీపీ తక్కువ. టెన్నిస్ ఆడేముందు ఆ మందు వేసుకుంటే ఆమెకు హుషారుగా ఉండేదట. ఇంట్లో ఆమెను రీటా అని పిలిచేవాళ్ళు. ఆ పేరు మీదే మందుకు రిటాలిన్ అని పెట్టారు. దాని అసలు పేరు మిథైల్‌ఫెనిడేట్. ఈరోజు మన దేశంలో ఏడీహెచ్‌డీ పిల్లలకు ఎక్కువగా రాసే మందు ఇదే. కువైట్ తమ్ముడి కొడుక్కు రాసింది కూడా ఇదే.

మొదట్లో దీన్ని నీరసానికి, దిగులుకు పెద్దవాళ్ళకే అమ్మారు. 1960లలో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో లియోన్ ఐసెన్‌బర్గ్, కీత్ కానర్స్ పిల్లల మీద పద్ధతిగా పరీక్షలు చేశారు. కొందరికి అసలు మాత్ర, కొందరికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి పోల్చి చూశారు. అసలు మాత్ర వేసుకున్న పిల్లల్లో తేడా కనిపించింది.

హుషారు చేసే మందు ఉరుకులాడే పిల్లవాడిని ఎలా నెమ్మది చేస్తుంది? ఇది అందరూ అడిగే ప్రశ్న. మెదడు ముందుభాగంలో "ఆగు, ఆలోచించు, ఈ పని ముగించు" అని చెప్పే వ్యవస్థ ఉంటుంది. అది పనిచేయడానికి డోపమిన్, నోరడ్రెనలిన్ అనే రసాయనాలు కావాలి. ఈ మందు వాటిని కాస్త ఎక్కువగా అందుబాటులో ఉంచుతుంది. అంటే పిల్లవాడిని పడుకోబెట్టే మందు కాదిది. సరైన డోసులో పిల్లవాడు మందకొడిగా కూర్చోకూడదు. బొమ్మలా కూర్చుంటే డోసు ఎక్కువైందేమోనని డాక్టరును అడగాలి.

ఇంకో అపోహ కూడా ఉంది. "మందు వేస్తే నెమ్మదించాడు, అంటే జబ్బు ఉన్నట్టే" అంటారు. అది తప్పని 1978లోనే తేలింది. జుడిత్ రాపపోర్ట్ అనే డాక్టరు, వాళ్ళ బృందం ఏ సమస్యా లేని 14 మంది మగపిల్లలకు ఒక్క డోసు ఆంఫెటమిన్ ఇచ్చి చూశారు. వాళ్ళకూ కదలిక తగ్గింది, ఏకాగ్రత పెరిగింది. కాబట్టి మందు పనిచేసిందని రోగం ఉందనలేం. ముందు రోగం ఉందో లేదో ఓపికగా తేల్చాలి, ఆ తర్వాతే మందు. ఇంట్లో ఒకలా, బడిలో ఒకలా ఉన్నాడా? నిద్ర చాలట్లేదా? చెవి సరిగా వినపడట్లేదా? నాన్న దూరం వెళ్ళాక మొదలైందా? ఇవన్నీ అడగకుండా పది నిమిషాల్లో మాత్ర రాస్తే, మందు మంచిదైనా వైద్యం మంచిది కాదు.

బడి చెప్పిందని మాత్ర వేయాలా?

1970 జూన్‌లో వాషింగ్టన్ పోస్ట్ పత్రికలో ఒక వార్త వచ్చింది. ఒమాహా నగరంలో బడి పిల్లల్లో నూటికి 5 నుంచి 10 మందికి ప్రవర్తన మార్చే మందులు ఇస్తున్నారని. ఆ లెక్క సరైంది కాదని తర్వాత వాదనలు వచ్చాయి. కానీ దేశం ఉలిక్కిపడింది. బడికి అనుకూలంగా ఉండటానికి పిల్లలకు మందు పెడుతున్నారా అని జనం అడిగారు. సెప్టెంబర్‌లో కాంగ్రెస్ సభ్యుడు కార్నీలియస్ గాలగర్ దాని మీద విచారణ జరిపాడు.

ఆ తర్వాత ప్రభుత్వం నిపుణులను కూర్చోబెట్టింది. మందులను నిషేధించాలని వాళ్ళు అనలేదు. రోగాన్ని తేల్చాల్సింది డాక్టరు, బడి కాదు అన్నారు. మందు వేయమని తల్లిదండ్రులను బలవంతపెట్టకూడదు అన్నారు. 2004లో అమెరికా చట్టంలోనే ఆ మాట చేరింది. ఇలాంటి నియంత్రిత మందు వేసుకుంటేనే పిల్లవాడిని బడికి రానిస్తాం అని అక్కడి ప్రభుత్వ బడులు షరతు పెట్టకూడదు. అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఇది తెలుసుకుని ఉండటం మంచిది. టీచరు గమనించింది చెప్పొచ్చు, చెప్పాలి కూడా. మందు వేయమని మాత్రం అనకూడదు.

"డ్రగ్స్ లెక్క" అన్న మాట ఎక్కడినుంచి వచ్చింది?

ఆ బంధువు ఫోన్‌లో చూసింది పూర్తిగా అబద్ధం కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆంఫెటమిన్ రకం మందులను సైనికులకు నిద్ర రాకుండా ఇచ్చారు. యుద్ధం అయిపోయాక జపాన్‌లో మిగిలిన నిల్వలు బజారులోకి వచ్చి, జనం పెద్ద ఎత్తున అలవాటు పడ్డారు. 1951లో అక్కడ కఠినమైన చట్టం తెచ్చారు. అందుకే ఈరోజుకీ అడరాల్ అనే ఆంఫెటమిన్ మందును, డాక్టరు చీటీ ఉన్నా సరే, జపాన్‌లోకి తీసుకెళ్ళనివ్వరు. అమెరికాలోనూ సన్నబడటానికి, రాత్రిళ్ళు మేలుకోవడానికి కోట్ల మాత్రలు మింగారు.

1971లో ఐక్యరాజ్య సమితి ఒక ఒప్పందం చేసింది. ఆంఫెటమిన్, మిథైల్‌ఫెనిడేట్ రెండూ దాని రెండో షెడ్యూల్‌లో ఉన్నాయి. వైద్యానికి వాడొచ్చు, కానీ గట్టి నిఘా ఉండాలి. మన దేశంలో మిథైల్‌ఫెనిడేట్ మత్తుమందుల చట్టం కింద వస్తుంది, మందుల నిబంధనల్లో షెడ్యూల్ ఎక్స్‌లోనూ ఉంది. డాక్టరు చీటీ రెండు కాపీలు రాయాలి. షాపువాడు ఒకటి తన దగ్గర రెండేళ్ళు దాచాలి. ప్రతి మెడికల్ షాపులో దొరకకపోవడానికి కారణం ఇదే.

మరి పిల్లవాడు అలవాటు పడతాడా? డాక్టరు చెప్పిన డోసులో, నోటి ద్వారా వేసుకుంటూ పెరిగిన పిల్లలను ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనాలు చాలా ఉన్నాయి. వాటన్నిటినీ కలిపి 2013లో లెక్క చూశారు. మందు వాడిన పిల్లలు పెద్దయ్యాక మద్యానికో మత్తుకో లోనయ్యే అవకాశం, వాడని ఏడీహెచ్‌డీ పిల్లలకంటే పెరగలేదు, తగ్గలేదు. అసలు ప్రమాదం ఇంకోచోట ఉంది. మాత్రలు వేరేవాళ్ళ చేతికి పోవడం, పరీక్షల ముందు స్నేహితులు పంచుకోవడం. 2023లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందుల పెట్టె మీద హెచ్చరికను ఇందుకోసమే మార్చింది. నాయనమ్మ మాత్రలు దాచిపెట్టింది చూశారా, దాచడం మంచిదే! ఎవరికీ అందకుండా దాచి, టైముకు తానే తీసి ఇస్తే ఇంకా మంచిది.

గోడ మీద గీతలు

1972లో డేనియల్ సేఫర్, రిచర్డ్ ఆలెన్, వాళ్ళతో ఇంకొకరు కలిసి ఒక వ్యాసం రాశారు. ఈ మందులు వాడుతున్న పిల్లలు అనుకున్నంత బరువు పెరగట్లేదు, ఎత్తు కూడా తగ్గుతోంది అని. మందు ఆకలిని చంపుతుంది కాబట్టి అది అర్థమయ్యే సంగతే. ఆపితే మళ్ళీ పుంజుకుంటున్నారని 1975లో రాశారు. వేసవి సెలవుల్లో మందు ఆపే అలవాటు కొందరు డాక్టర్లలో ఆ కాలంలోనే వచ్చింది.

ఈ భయం ఎంతవరకు నిజం? ఎంటీఏ అనే పెద్ద అధ్యయనం గురించి కింద చెప్తాను. అందులో మూడేళ్ళ తర్వాత కొలిస్తే, కొత్తగా మందు మొదలుపెట్టి వాడుతూ వచ్చిన పిల్లలు, అసలు వాడని ఏడీహెచ్‌డీ పిల్లలకంటే సుమారు 2 సెంటీమీటర్లు తక్కువ ఎత్తు, 2.7 కిలోలు తక్కువ బరువు పెరిగారు. మానకుండా ఏళ్ళ తరబడి వాడినవాళ్ళలో పెద్దయ్యాక కూడా కొంత తేడా మిగిలింది. కాబట్టి ఈ భయం నిజమే. కానీ "పిల్లవాడు పొట్టిగా ఆగిపోతాడు" అనేంత నిజం కాదు. కొలవగలిగినంత నిజం. కొలుస్తూ ఉంటే, బరువు ఆగిపోయినప్పుడు డాక్టరు డోసు మారుస్తారు, మందు మారుస్తారు, కొన్నాళ్ళు ఆపుతారు. కొలవకపోతే ఎవరికీ తెలియదు.

నిజంగానే తీసేసిన మందు

ఇప్పుడు చెప్పేది ఈ చరిత్రలో అన్నిటికంటే బాధ కలిగించే భాగం. 1975లో అమెరికాలో పెమొలిన్ అనే మందు వచ్చింది, సైలర్ట్ అనే పేరుతో. రోజుకు ఒక్కసారి వేస్తే చాలు, అలవాటు పడే ప్రమాదం తక్కువ. రిటాలిన్ అంటే భయపడే తల్లిదండ్రులకు ఇదే నయం అనిపించింది.

ఏళ్ళు గడిచాక కాలేయం పూర్తిగా దెబ్బతిన్న పిల్లల కేసులు ఒక్కొక్కటే బయటికి రావడం మొదలైంది. 1997లో బ్రిటన్ ఈ మందును తీసేసింది. 1999లో కెనడా తీసేసింది. అమెరికాలో మాత్రం రెండు వారాలకోసారి కాలేయ పరీక్ష చేయించి వాడమన్నారు. ఆ పరీక్షలు నిజంగా జరిగాయా అని తర్వాత చూస్తే, చాలామందికి జరగలేదు. చివరికి 2005 అక్టోబర్‌లో, ప్రయోజనం కంటే ప్రమాదమే ఎక్కువని ఎఫ్‌డీఏ తేల్చి చెప్పింది. అప్పటికి కాలేయ మార్పిడి దాకానో, చావు దాకానో వెళ్ళిన కేసులు 13 ఆ సంస్థకు చేరాయి. మామూలుగా ఉండాల్సినదానికంటే ఇది 10 నుంచి 25 రెట్లు ఎక్కువ.

పదమూడే కదా అనిపించొచ్చు. ఆ ఇళ్ళలో అది పదమూడు కాదు, ఒక్కటి. ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్క బిడ్డ. "పరీక్ష చేయించి వాడండి" అని కాగితం మీద రాసినంత మాత్రాన ఎవరూ చేయించరని, ఆ బాధ్యత ఎవరిదో ముందే తేలాలని ఆ కథ చెప్తోంది. నాయనమ్మ భయాన్ని మూర్ఖత్వం అనకూడదని కూడా చెప్తోంది.

ఆ తర్వాత వచ్చిన అటొమోక్సెటిన్ కథ కాస్త వేరు. 2002లో అనుమతి వచ్చింది. ఇది అలవాటు చేసే రకం మందు కాదు. కానీ 2005లో పాత పరీక్షల లెక్కలన్నీ తిరగేసి చూస్తే, మందు వేసుకున్న పిల్లల్లో వెయ్యికి నలుగురికి ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో ఒక్కరికీ రాలేదు. ఆ పరీక్షల్లో ఎవరూ చనిపోలేదు. మందును తీసేయలేదు, పెట్టె మీద పెద్ద హెచ్చరిక పెట్టారు. ముఖ్యంగా మొదటి నెలల్లో పిల్లవాడి మాట, మూడ్ గమనించమన్నారు.

గుండె భయం

2005 ఫిబ్రవరిలో కెనడా ప్రభుత్వం అడరాల్ ఎక్స్ఆర్ అమ్మకాలు ఒక్కసారిగా ఆపేసింది. వేరే దేశాల నుంచి వచ్చిన రిపోర్టుల్లో, ఈ మందు వాడుతూ హఠాత్తుగా చనిపోయినవాళ్ళు 20 మంది, అందులో 14 మంది పిల్లలు. అదే కాగితాలు చూసిన అమెరికా మాత్రం ఆపలేదు. ఆగస్టులో కెనడా మళ్ళీ అనుమతించింది. తర్వాతి ఏడాది అమెరికాలో నిపుణుల కమిటీ గుండె గురించి పెద్ద హెచ్చరిక పెట్టాలా వద్దా అని ఓటేస్తే, 8 మంది పెట్టాలన్నారు, 7 మంది వద్దన్నారు. నిపుణులే ఇలా చీలిపోతే తల్లిదండ్రుల సంగతేంటి?

ఇలాంటప్పుడు తేల్చాల్సింది ఒకటే. మందు వాడని పిల్లలు కూడా అప్పుడప్పుడు హఠాత్తుగా చనిపోతారు. వాడేవాళ్ళలో అంతకంటే ఎక్కువమంది చనిపోతున్నారా? దానికి లక్షలమంది లెక్క కావాలి. 2011లో ఆ లెక్క వచ్చింది. 2 నుంచి 24 ఏళ్ళ మధ్యవాళ్ళు 12 లక్షల మంది రికార్డులు చూశారు. గుండెపోటు, పక్షవాతం, హఠాన్మరణం లాంటి తీవ్రమైన కేసులు మొత్తం 81. మందు వాడుతున్నవాళ్ళలో ఆ ప్రమాదం పెరిగినట్టు కనపడలేదు.

అంటే భయమే లేదా? అలా కాదు. ఈ మందులు నాడి వేగాన్ని, బీపీని కాస్త పెంచుతాయి. 2023లో స్వీడన్ నుంచి వచ్చిన పెద్ద అధ్యయనంలో, పిల్లలనూ పెద్దలనూ కలిపి చూస్తే, చాలా ఏళ్ళు వాడినవాళ్ళలో అధిక రక్తపోటు, రక్తనాళాల జబ్బు కాస్త ఎక్కువగా కనిపించాయి. కాబట్టి బీపీ చూస్తూ ఉండాలి. మందు మొదలుపెట్టేముందు డాక్టరు రెండు ప్రశ్నలు అడగాలి, అడగకపోతే మీరే చెప్పాలి. పిల్లవాడు ఆడుతూ ఆడుతూ ఎప్పుడైనా స్పృహ తప్పాడా? ఇంటి రక్తసంబంధంలో ఎవరైనా చిన్న వయసులో ఉన్నట్టుండి కూలిపోయి చనిపోయారా? ఈ రెండో ప్రశ్నకు జవాబు కువైట్‌లో ఉన్న నాన్నకంటే నాయనమ్మకే బాగా తెలుస్తుంది.

మందు ఒకటే, ఫలితం వేరు

ఇందాక చెప్పిన ఎంటీఏ అధ్యయనం ఫలితాలు 1999లో వచ్చాయి. ఏడు నుంచి పదేళ్ళ లోపు పిల్లలు 579 మంది. 14 నెలలు. వాళ్ళను నాలుగు గుంపులుగా చేశారు. ఒక గుంపుకు మందు. ఇంకో గుంపుకు మందు లేకుండా, ప్రవర్తన మార్చే శిక్షణ - పిల్లలకు, తల్లిదండ్రులకు, బడికి. మూడో గుంపుకు రెండూ. నాలుగో గుంపువాళ్ళు తమ ఊళ్ళో మామూలు డాక్టరుకు చూపించుకున్నారు.

మందు ఉన్న గుంపులు రెండూ బాగా మెరుగుపడ్డాయి. ఈ మాట అప్పట్లో పత్రికల్లో మోగిపోయింది. కానీ నాలుగో గుంపును చూడండి. వాళ్ళలో మూడింట రెండొంతుల మంది పిల్లలు కూడా ఇలాంటి మందులే వాడారు. అయినా అంత మెరుగుపడలేదు. ఎందుకు? అధ్యయనంలోని డాక్టర్లు నెలకోసారి అరగంట కూర్చుని పిల్లవాడిని చూశారు, టీచరుతో మాట్లాడారు, డోసును సరిచేశారు. ఊళ్ళో డాక్టర్లు ఏడాదికి ఒకటి రెండుసార్లు, కాసేపు చూసి పంపారు. తేడా మాత్ర ఒక్కదానిలోనే లేదు, దాని వెనకున్న కంటిచూపులోనూ ఉంది.

ఇంకోటి కూడా చెప్పాలి. మూడేళ్ళ తర్వాత చూస్తే నాలుగు గుంపుల మధ్య తేడా మిగల్లేదు. అంటే ఇది ఒకసారి మొదలుపెట్టి మర్చిపోయే మందు కాదు. ఇంకా అవసరమా అని అప్పుడప్పుడు అడుగుతూ ఉండాలి. 2019లోనూ, 2021లోనూ మిథైల్‌ఫెనిడేట్‌ను అత్యవసర మందుల జాబితాలో చేర్చమని అడిగితే ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఒప్పుకోలేదు. దీర్ఘకాలం గురించి ఉన్న ఆధారాలు వాళ్ళకు సరిపోలేదు. ఇంకోపక్క, 2018లో అనేక పరీక్షలను కలిపి చూసిన పరిశోధకులు పిల్లలకు మొదటి మందుగా దీన్నే సూచించారు. రెండూ నిజమే. కొన్ని వారాలు, నెలల లెక్కలో బాగా పనిచేస్తుంది. ఏళ్ళ లెక్కలో కనిపెట్టుకుని ఉండాల్సిందే. ఆరేళ్ళ లోపు పిల్లలకైతే ముందు తల్లిదండ్రులకు శిక్షణ, ఆ తర్వాతే మందు అని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం చెప్తుంది.

దూరంగా ఉన్న మనం చేయగలిగింది

మనలో చాలామంది పిల్లలను ఏడాదికో రెండేళ్ళకో చూస్తాం. కంటితో చూడలేం, కానీ అడగగలం. ఈ తొంభై ఏళ్ళ కథ నుంచి వచ్చే ప్రశ్నలు ఇవే. పొద్దున మందు వేసేముందు తిన్నాడా? రాత్రి ఎన్నింటికి నిద్రపోయాడు? కడుపునొప్పి, తలనొప్పి అన్నాడా? మందు దిగే సాయంత్రం పూట చిరాకు పడుతున్నాడా? నెలనెలా బరువు ఎంత? డాక్టరు ఈసారి బీపీ, నాడి చూశారా? టీచరు ఏమంటోంది? వీడియో కాల్‌లో "బాగున్నావా బిడ్డా" అని ఒక్కమాటతో వదిలేయకుండా, ఇవి అడిగితే ఎంతో తెలుస్తుంది. డాక్టరును అడగకుండా మందు పెంచకూడదు, ఆపకూడదు.

ఇంకో హెచ్చరిక, ఇది ప్రత్యేకంగా గల్ఫ్‌లో ఉన్న మన అన్నదమ్ములకు. ఊరి నుంచి వచ్చేవాళ్ళ చేతికి మందుల పార్సిల్ ఇచ్చి పంపడం మనకు మామూలు. బీపీ మాత్రలు, షుగర్ మాత్రలతో పాటు ఈ మందు కూడా అందులో పెట్టకండి. మీ పిల్లలు మీతోనే ఉండి ఈ మందు వాడుతుంటే, ముందుగా ఆ దేశం ఆరోగ్య శాఖ అనుమతి తీసుకోండి. యూఏఈలో దీనికి ఆన్‌లైన్ దరఖాస్తు ఉంది. మిగతా దేశాలకు వాటి నిబంధనలు వాటికి ఉన్నాయి, బయల్దేరేముందు ఎంబసీలో కనుక్కోండి. డాక్టరు చీటీ, రిపోర్టు, మందు అసలు పెట్టె మీ దగ్గరే ఉండాలి. వేరేవాళ్ళ బ్యాగులో మాత్రం వద్దు. 1971 ఒప్పందం మన బ్యాగు దాకా వచ్చి ఉంది. తెలియక తెచ్చానంటే ఎయిర్‌పోర్టులో వినరు. పాపం ఆ మోసుకొచ్చినవాడు జైల్లో పడతాడు.

కువైట్ తమ్ముడికి మేం ఈ కథంతా చెప్పాం. నిర్ణయం మీదీ మీ డాక్టరుదీ అన్నాం. ఆయన తర్వాతి శుక్రవారం భార్యతో, తల్లితో కలిపి డాక్టరుకు వీడియో కాల్ పెట్టించాడు. నాయనమ్మ అడగాల్సినవన్నీ అడిగిందట. డాక్టరు గుండె గురించి అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పింది కూడా ఆమేనట. మళ్ళీ మొదలుపెట్టారు, చిన్న డోసుతో. ఇప్పుడు ఆ ఇంట్లో తలుపు పక్కన గోడ మీద పెన్సిల్ గీతలు ఉన్నాయి. నెలకొకటి, పక్కన తేదీ. గీసేది నాయనమ్మ, ఫోటో పంపేది భార్య.

పోయిన వారం తమ్ముడు మళ్ళీ మెసేజ్ పెట్టాడు. "అన్నా, అర సెంటీమీటర్ పెరిగిండు. మా అమ్మ నాకంటె ఎక్కువ లెక్కలు రాస్తున్నది" అని.

వచ్చే వారం ఇంకో సంగతితో కలుద్దాం. మీ ఇంట్లో ఇలాంటి ప్రశ్న ఉంటే వాయిస్ పంపండి, పేరు చెప్పనక్కర్లేదు. ఆరోగ్యం జాగ్రత్త, ఎండలో నీళ్ళు తాగడం మర్చిపోకండి.